ఓనరుగారి డిక్షనరీ

బందరులో నేను టైపిస్టుగా పనిచేసిన డీటీపీ సెంటరు ఓనరుగారికి, తనకు రాని ఇంగ్లీషు మీద మహా నమ్మకం. స్పెల్లింగు తప్పని కంప్యూటరు చూపిన ప్రతి మాటనూ, "దీనికేం తెలుసు, మనమే నేర్పాలి" అంటూ డిక్షనరీలో చేర్పించేవారు. అలా అది ఉబ్బిపోయి, నేను టీ తాగి వచ్చినా కంప్యూటరు మొదటి పేజీనే సరిచూస్తూ ఉండేది.

చర్చివాళ్ల ఇంగ్లీషు సావనీరు పుస్తకం పని మొదలయ్యాక ఇక ఓపిక పట్టలేకపోయాను.

"మనం చేర్చిన తప్పులన్నీ తీసేస్తే స్పీడు వస్తుందండీ."

"తప్పులేంటమ్మా? మిషను పాతబడింది!"

కొత్త కంప్యూటరు కొన్నారు. ఆ డిక్షనరీని భద్రంగా అందులోకి ఎక్కించారు.

సావనీరు అట్ట మీద ఇంగ్లీషులో చర్చి అన్న మాటకే స్పెల్లింగు తప్పు పడింది. పాస్టరుగారు వచ్చి నిలదీస్తే, ఓనరుగారు ఏమాత్రం తొణక్కుండా అన్నారు:

"కొత్త మిషను కూడా ఒప్పుకుందండీ!"