జారకుండా కదలని గంగాధరరావుగారు

గంగాధరరావుగారు ఏ పార్కులో అడుగు పెట్టినా ముందు జారుడుబల్ల ఎక్కి జారతారు. ఆ తర్వాతే గాలి పీల్చుకోవడమైనా, బెంచీ వెతుక్కోవడమైనా. వయసు అరవై దాటింది, బరువు వంద దాటింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మాత్రమే అని బల్ల పక్కన బోర్డు ఉంటుంది. ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, చెప్పులు దాని కిందే విడిచి, పైకెక్కుతారు.

ఉద్యోగమంతా పోర్టులో క్రేను మీదే గడిపిన మనిషి, నిచ్చెన ఎక్కడానికి తడబడరు. తడబాటంతా ఆయన భార్య రోజారమణిది. శివాజీ పార్కులో ఆయన బల్ల ఎక్కితే ఆవిడ ఈ మనిషెవరో తెలియనట్టు పూలమొక్కల వైపు నడిచేది. ఓసారి ఎలమంచిలి నుంచి ఆడపడుచు వస్తే ముగ్గురూ కైలాసగిరి వెళ్ళారు. రెయిలింగు పట్టుకుని సముద్రం చూస్తుంటే వెనక దభీమని చప్పుడైంది. ఆడపడుచు తిరగబోయింది. రోజారమణి ఆమె గడ్డం పట్టుకుని మళ్ళీ సముద్రం వైపు తిప్పి, అదిగో ఓడ అంది. అక్కడ ఓడేమీ లేదు. అయినా ఆ రోజు లేని ఓడను ఇద్దరూ చాలాసేపు చూశారు.

ఎందుకండీ ఈ జారడమని అడిగితే ఆయన చెప్పేది ఒక్కటే. "బాగుంటాది."

ఎంత బాగుండేదో ఆవిడకు ఇంటికొచ్చాక తెలిసేది. ప్యాంటు వెనక చిరిగి ఉండేది. ఆవిడ సణుగుతూ కుట్టేది. చిరిగిన మర్నాడు ఆయన సంచీలో ఏవో ఇనుప సామాన్లు గలగలలాడించుకుంటూ మళ్ళీ అదే పార్కుకి వెళ్ళేవారు. రిటైరైనా ఇనుము మీద మమకారం పోలేదనుకుని ఆవిడ అడగడం మానేసింది.

అలా ఉండగా వాళ్ళ కాలనీ పార్కుకి కొత్త జారుడుబల్ల వచ్చింది. బల్ల కూడా కాదు, మెలికలు తిరిగిన పసుపుపచ్చ గొట్టం. ఓపెనింగుకి ముందురోజు సాయంత్రం కాలనీ సంఘం ప్రెసిడెంటు గురునాథరావుగారు ఇంటికొచ్చారు. నీ బరువుకి అది ఆగదు బావా, పిల్లల సరదా పాడుచెయ్యకు, అని బతిమాలారు. గంగాధరరావుగారు టీ తాగుతూ విన్నారు గానీ ఊ అనలేదు. ఆయన తరఫున రోజారమణే మాటిచ్చింది.

ఆదివారం ఉదయం నిచ్చెన ముందు రిబ్బను కట్టారు. దాని వెనక పిల్లలు బారులు తీరారు. గురునాథరావుగారు ఉపన్యసించినంతసేపూ రోజారమణి భర్త చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. ఉపన్యాసం అయిపోయింది కదాని చప్పట్లు కొట్టడానికి వదిలింది.

అంతే. ఆయన రిబ్బను కింద నుంచి దూరి, నిచ్చెనెక్కి, గొట్టంలోకి మాయమైపోయారు. లోపల దబదబమని శబ్దం కిందికి వస్తూ వస్తూ సగంలో ఆగిపోయింది. కింద అందరూ చూస్తున్నారు. ఎవరూ రాలేదు.

గురునాథరావుగారు గొట్టం చివర వంగి, ఇరుక్కుపోయావా అని అడిగారు.

"ఇరుక్కోలేదు. కూకున్నాను," అంది లోపలి గొంతు. "ఇక్కడ బోల్టు మొన లోపలికి వచ్చీసింది. అది తీయించు, దిగుతాను."

ముందు దిగు, ఫంక్షనయ్యాక చూద్దాం అన్నారు ప్రెసిడెంటు.

"నాను దిగితే పిల్లలు జారతారు."

ప్రెసిడెంటు బుజ్జగించారు, కోప్పడ్డారు, ఫోటోగ్రాఫరు వెళ్ళిపోతాడని చెప్పారు. ఆయన కదల్లేదు. ఇద్దరు కుర్రాళ్ళు దూరి కాళ్ళు లాగబోతే ఆయన గొట్టానికి అడ్డంగా తన్నిపెట్టారు. జనం నవ్వుతున్నారు. రోజారమణికి తల కొట్టేసినట్టయింది. పైనుంచైనా నాలుగు చీవాట్లు పెడదామని నిచ్చెన వైపు వెళ్ళింది.

అక్కడ పక్కవీధి ఇంద్రజ తన కూతుర్ని పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మాత్రం నవ్వడం లేదు.

"అంకులు జారందే మా పాపని ఏ బల్లా ఎక్కనివ్వనాంటీ," అంది. "ఇక్కడి పాత బల్లకి రేకు లేచిపోతే ఆయన ప్యాంటు సిరిగింది. మర్నాడు ఆయనే సుత్తి తెచ్చి కొట్టి సదును సేసీసారు. మీకు సెప్పలేదేటి?"

చెప్పలేదు. ఇన్నాళ్ళూ తను కుట్టిన చిరుగులన్నీ ఏ పిల్లల కాళ్ళకో పడాల్సిన గీతలని రోజారమణికి అప్పుడు తెలిసింది. ఆవిడ వెనక్కి తిరిగి, రిబ్బను కింద నుంచి దూరి, నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుంది.

"బోల్టు తీయించండన్నయ్యగారూ," అంది. "ఆయన దిగరు. నాను లెగను."

మెయిన్‌రోడ్డు మీద స్కూటర్లు బాగుచేసే ఉమామహేష్‌ని పిలిపించారు. అతను గొట్టాన్ని బయటి నుంచి తడిమి, బోల్టు తిరగేసి బిగించారని చెప్పి, పానా పెట్టి ఊడదీశాడు. వేలంత బోల్టు. గురునాథరావుగారు దాన్ని తిప్పి చూసి, ఎవరూ అడగకముందే జేబులో వేసుకున్నారు. ఇక దిగు బావా అన్నారు, ఈసారి మెత్తగా.

గొట్టం లోపల రెండుసార్లు దబ్బుమని ఆగిపోయింది.

"రమణీ."

"ఏటండీ?"

"ఇప్పుడు ఇరుక్కున్నాను."

కాళ్ళు తిమ్మిరెక్కి మడత పడిపోయాయట. కింద నుంచి లాగితే రావడం లేదు, పైనుంచి ఎవరైనా తొయ్యాలి. పిల్లల్లో ఒకణ్ణి పంపిద్దామన్నారెవరో. రోజారమణి ఒప్పుకోలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే మెట్లెక్కింది. పైనుంచి చూస్తే ఇళ్ళ కప్పుల మీదుగా పోర్టు క్రేన్లు కనిపించాయి. ఎదురుగా గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ రెండు చేతులూ గోడలకు ఆనించి కూర్చుంది.

"వత్తన్నాను, సూసుకోండి," అని కళ్ళు మూసుకుంది.

లోపల ఒక్క చప్పుడైంది. ముందు ఆయన, వెనక ఆవిడ, ఇసకలోకి వచ్చిపడ్డారు. పిల్లలు గెంతులేశారు. గురునాథరావుగారు ఊపిరి పీల్చుకుని రిబ్బను దగ్గరికి కత్తెర తీసుకెళ్ళారు.

రోజారమణి లేచి ఇసక దులుపుకుంది.

"కత్తెర దించండన్నయ్యగారూ," అంది. "రెండో మలుపులో ఇంకో బోల్టుంది. నా ఎడం సేతికి తగిలింది. ఉండండి, ఎక్కడో సూపిత్తాను."

అని మళ్ళీ నిచ్చెన వైపు నడిచింది.