వరద బియ్యం

కొత్త బియ్యం మూట విప్పినప్పుడల్లా మిషనమ్మ ఇప్పటికీ ఓ గుప్పెడు తీసి వాసన చూస్తుంది. వరద ఏడాది ప్రభుత్వం ఇచ్చిన బియ్యానికి తడి గోనె వాసన ఉండేది. అప్పుడు ముక్కు మూసుకుని వండిన ఆ బియ్యం మీద ఇప్పుడు ఆమెకు ఎక్కడలేని మమకారం.

భర్త పోయాక కుట్టుమిషను మీదే బతికింది కాబట్టి వీధి వీధంతా ఆమెను మిషనమ్మ అనే పిలిచేది. మేడ మీద రెండు వాటాలు. ఎదుటి వాటాలో మరిది, తోడికోడలు. తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. ఎప్పుడో చావింట్లో నోరు జారిన ఒక్క మాట కొండంతై కూర్చుంది. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడవైపు తిరిగేవారు.

ఆ ఏడు వీధి మునిగింది. కింద వాటాలోని రిటైరైన బస్సు కండక్టరు, ఆయన భార్య పరుపు నెత్తిన పెట్టుకుని పైకి వచ్చేశారు. వరద తీశాక ప్రభుత్వం ఓ మంచి పని చేసింది. కార్డు ఉన్నా లేకపోయినా ఇంటింటికీ బియ్యం, పప్పు, నూనె ఇస్తామంది. కార్డున్నవాళ్లకు రెండింతలు.

రేషన్ షాపు నుంచి మూటలు మోసే మగవాళ్లెవరూ లేరు. మరిది పనిచేసే మిల్లు బురదలో కూరుకుంది, అతను అక్కడే ఉన్నాడు; కండక్టరు పెద్దాయన. ఏం చేస్తారు? తోడికోడళ్లే చెరో కొసా పట్టుకున్నారు.

"నీ వైపు కాస్త ఎత్తు," అంది మిషనమ్మ, సగం మెట్లెక్కాక.

"ఎత్తుతూనే ఉన్నాగా అక్కా, నువ్వే దించేస్తున్నావు."

ఏళ్ల తర్వాత మాటలు అలా మొదలయ్యాయి, ఆయాసపడుతూ.

పనిచేసే పొయ్యి మిషనమ్మ దగ్గర ఒక్కటే మిగిలింది. మూడు ఇళ్ల అన్నం ఒకే గుండిగలో ఉడికేది. కండక్టరు గరిటె పట్టుకుని, "జరగండి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది," అంటూ వడ్డించేవాడు. తోడికోడలికి ఓసారి నవ్వుతో పొలమారితే మిషనమ్మే నెత్తిన తట్టింది. తట్టాక ఇద్దరూ కాసేపు తలలెత్తలేదు.

చలికాలం వెళ్లేసరికి షాపు తలుపుకి కాగితం అంటించారు. అత్యవసర పరిస్థితి ముగిసింది కనుక అదనపు బియ్యం బందు, కార్డు లేనివాళ్లకు అసలే లేవు. మరిదికి మంచి జీతం వచ్చేరోజుల్లో కార్డు రాలేదు. ఇప్పుడు మిల్లు మూతపడింది, జీతం లేదు.

"పైనుంచి ఆర్డరమ్మా, అత్యవసరం అయిపోయిందట," అన్నాడు షాపువాడు.

"ఎవరికి అయిపోయింది?" అంది తోడికోడలు. షాపువాడు తర్వాతి కార్డు అందుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె తన గిన్నెలు తాను తీసుకెళ్లి తలుపేసుకుంది. మిషనమ్మ కాసేపు చూసి, వెళ్లి తలుపు తట్టింది.

"ఎసరు పెట్టాను, రండి."

"వద్దక్కా. నీ కార్డు బియ్యం నీకే చాలవు."

"నీకోసమని ఎవరన్నారు? చిన్న గిన్నెలో వండటం మర్చిపోయాను, తల్లీ. అన్నం మాడిపోతోంది."

తోడికోడలు కళ్లు తుడుచుకుని చెప్పులు వేసుకుంది, ఎదుటి వాటాకే అయినా.

ఆ నెలాఖరుకి అన్నం జావ అయింది. కండక్టరు దానికీ ఏదో జోకు వేశాడు. తర్వాత తోడికోడళ్లిద్దరూ కార్డు కోసం ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. కార్డు వచ్చింది, మిల్లు మళ్లీ తెరిచిన వారానికి!

కండక్టరు దంపతులు కూతురి ఊరికి వెళ్లిపోయారు. మరిది వాళ్లూ మిల్లు దగ్గరికి ఇల్లు మారారు. ఇప్పుడు తోడికోడళ్లవి ఫోను కబుర్లే.

"ఆ రోజులే బాగుండేవి కదక్కా?"

"ఏం బాగు? మోకాళ్ల లోతు బురద," అని కసురుతుంది మిషనమ్మ. కసిరి, మిషను ఆపి, అవతల మాట అయ్యేదాకా ఫోను చెవికి ఆనించుకునే కూర్చుంటుంది.