పసుపు గీతల ట్రాలీ

మా నర్సీపట్నంలో గోల్ఫ్ ఆడే మనిషిని నేనింతవరకూ చూడలేదు. గోల్ఫ్ బండి మాత్రం నా దగ్గరుంది. విశాఖ వైపు ఒక రిసార్టు మూసేస్తూ సామాను అమ్ముతుంటే, మా టెంట్ హౌస్‌కి కుర్చీలు కొందామని వెళ్లి, కుర్చీలు వదిలేసి దాన్ని తెచ్చుకున్నాను. తెల్లటి బండి, పైన టాపు, చప్పుడు చేయని బ్యాటరీ మోటారు. పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ అందులో కూర్చోబెట్టి ఊరేగిస్తే చుట్టుపక్కల మండలాల్లో నాకు తిరుగుండదనుకున్నాను. అనుకున్నట్టే అయింది కూడా. అదే నా తలకెక్కింది.

చిక్కల్లా దాన్ని పెళ్లివారి ఊరికి చేర్చడం. రోలుగుంట దాకా నడుపుకుంటూ వెళదామంటే సగం దారిలో బ్యాటరీ అయిపోతుంది, పైగా అది రోడ్డు మీద తిరగాల్సిన బండి కాదు. ట్రాక్టర్ తొట్టిలోకి ఎక్కించాలంటే పదిమంది చేతులు వేయాలి. లగేజీ ఆటోలో పెడితే సగం బయటే ఉంటుంది. నా జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ట్రాలీ ఒకటి కావాలి. దానికోసం మా బావ దగ్గరికి వెళ్లాను.

బావంటే మా అక్క భర్త. నాకన్నా పదేళ్లు పెద్ద. వెల్డింగ్ షెడ్డు ఉంది. చెరకు తోలే ట్రాలీలు చేయించుకోవాలంటే మా వైపు రైతులు నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవారు. మాట తక్కువ, కొలత ఎక్కువ. నాకు ఆ తీరు చిరాకు. నేను ఒక పూటలో తేల్చేసే పనిని ఆయన వారం సాగదీస్తాడు.

"ముందు దాన్ని కాటా దగ్గరికి అట్టుకురా" అన్నాడు.

చెరకు తూచే కాటా అది. రైతులు ట్రాక్టర్లతో వరసలో ఉంటే మధ్యలో నా తెల్లబండి. మొదట మొత్తం బండిని తూచాడు. తర్వాత ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టించాడు. ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రం. "ఏటండీ, దీన్ని కూడా గానుగాడేస్తారేటి?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. బావకి అదేం పట్టలేదు.

"సూసేవా? బరువంతా ఎనకాలే ఉంది. సీటు కింద బ్యాటరీలు, ఎనక మోటారు. ముందంతా ఉత్త డొల్ల. అందుకని బండిని ట్రాలీ మీదికి రివర్సులో ఎక్కించాలి. దాని ఎనక భాగం జీపు దగ్గరుండాలి."

"ఎలాగెక్కిస్తే ఏటి బావా, బరువు బరువే కదా?"

"కాదు. బరువు ముందుకుంటే ట్రాలీ జీపుని నమ్ముకుని వస్తాది. ఎనక్కుంటే తోక ఊపుతాది. ఒకసారి ఊపడం మొదలెడితే నువ్వాపలేవు."

ట్రాలీని నేలకి దగ్గరగా చేశాడు. ఇరుసుని సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం వెనక్కి పెట్టాడు. ట్రాలీకి వేరే బ్రేకు, జీపుకి తగిలించడానికి పిన్నుతో పాటు రెండు గొలుసులు, బండిని నాలుగు మూలలా బెల్టులతో బిగించడానికి రింగులు. చివర్న పసుపు రంగు డబ్బా తెచ్చి, చక్రాలు ఎక్కడ నిలబడాలో ట్రాలీ అడుగు మీద నాలుగు గీతలు గీశాడు. "నాను లేకపోయినా ఈ గీతలు సెప్తాయి" అన్నాడు. ఆయన నాతో అంత మాట్లాడటం అదే మొదలు.

ఆరునెలలు అలాగే నడిచింది. పెళ్లి ఊరికి వెళ్లాక అక్కడ పూలు కట్టేవాళ్లం కాబట్టి, దారిలో బండి ఎటు తిరిగి ఉందో ఎవరికీ పట్టేది కాదు.

మాఘమాసంలో నక్కపల్లి దగ్గర ఒక పెళ్లి వచ్చింది. అలంకారం ఇక్కడే చేయించి తెమ్మన్నారు. బంతిపూలు, మల్లెపూలు, ముందు అద్దం దగ్గర వేంకటేశ్వరుడి పటం, చక్రాల కింద నిమ్మకాయలు. పెళ్లికూతురి మేనమామ దగ్గరుండి తీసుకెళ్లడానికి మోటారుసైకిల్ మీద వచ్చాడు. నేను బండిని రివర్సులో ఎక్కిస్తుంటే చేయి అడ్డం పెట్టాడు.

"ఇదేటండీ? పెళ్లికెల్లే బండి ఈపు సూపించుకుంటా వస్తాదా? దేవుడి పటం ఎనక్కా?"

ఆయన ఒక్కడే అన్నాడని చెప్పి తప్పించుకోలేను. ఆ మాట వినగానే నాకూ నిజమేననిపించింది. ఎదురొచ్చే జనానికి పూలు కనబడవు, నా టెంట్ హౌస్ పేరు కనబడదు, దేవుడు వెనక్కి చూస్తూ వస్తాడు. బావకి ఒక్క ఫోను కొడితే సరిపోయేది. కొట్టలేదు. ఏమంటాడో నాకు తెలుసు కాబట్టే కొట్టలేదు.

బండిని ముందుకి తిప్పి ఎక్కించాను. చక్రాలు పసుపు గీతల మీదికి రాలేదు. రెండు బెల్టులు రింగులకి అందలేదు. అక్కడ ప్లాస్టిక్ తాడు కట్టాను. "ఇప్పుడు సూడండి, ఎంత కళగా ఉందో" అన్నాడు మేనమామ. నేనూ రెండడుగులు వెనక్కేసి చూసి మురిసిపోయాను.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. పల్లపు రోడ్డులో వేగం అందుకుంది. ఎదురుగా లారీ వచ్చి పక్కనుంచి పోయిన గాలికి ట్రాలీ కొంచెం ఊగింది. తర్వాత ఇంకొంచెం. జీపు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ గుంజుతున్నట్టుంది. బ్రేకు తొక్కాను. తొక్కకూడదు. ట్రాలీ అడ్డం తిరిగి, బండితో సహా చెరకు తోటలోకి ఒరిగిపోయింది. ఆ సమయానికి రోడ్డు వారన ఎవరూ నడవడం లేదు. అందులో నా గొప్పేమీ లేదు.

దిగి చూస్తే ట్రాలీని జీపుకి తగిలించే కమ్మీ మెలి తిరిగిపోయి ఉంది. పూలన్నీ బురదలో ఉన్నాయి. జనం పోగయ్యారు. మేనమామ ముఖం ఎర్రబడింది.

"ఎల్డింగు ఊడిపోయినట్టుందే. ఎవరు సేసేరండీ దీన్ని?" అని అడిగారెవరో.

అందరూ నా వైపు చూస్తున్నారు. మేనమామ కూడా. నా నోటంట ఈ మాట వచ్చింది: "మా బావే సేసేడండి. ఎల్డింగే తేడా సేసేడు."

అంతే. ఆ మాటతో మేనమామ కోపం నా మీంచి పక్కకి పోయింది. నా ప్రాణం హాయిగా ఉంది. అలా హాయిగా ఉండటం తలుచుకుంటేనే ఇప్పుడు నాకు నా మీద అసహ్యం.

మధ్యాహ్నానికి బావ వచ్చాడు. ముందు నన్ను ఎగాదిగా చూసి దెబ్బలేమీ లేవని తేల్చుకున్నాడు. తర్వాత కూర్చుని మెలి తిరిగిన కమ్మీ అతుకు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాడు. ఎక్కడా బీట లేదు. లేచి ట్రాలీ అడుగు మీద బండి టైరు గుర్తులు చూశాడు, తెగిన ప్లాస్టిక్ తాడు చూశాడు, పసుపు గీతలు చూశాడు. చివర్న నన్ను చూశాడు. నేను చెరకు తోట వైపు చూశాను.

ట్రాలీని షెడ్డుకి తీసుకెళ్లి సరిచేసి ఇచ్చాడు. అప్పుడూ అడగలేదు. ఈలోగా నా మాట నాకన్నా బేగి ఊళ్లు తిరిగింది. ట్రాలీల పని తగ్గింది, తర్వాత ఆగిపోయింది. జనం తప్పేమీ లేదు. సొంత బావమరిదే చెప్పాక నమ్మక ఏం చేస్తారు? బావ కిటికీ ఊచలు, గేట్లు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అక్క నాకు అన్నం వడ్డిస్తూ అంది.

"మీ బావ సేతికేటైందని అడుగుతన్నార్రా అందరూ. నానేటి సెప్పను?"

అదీ సమయం. ఎదురుగా అక్క, కంచంలో అక్క పెట్టిన అన్నం. నేను చారు బాగుందన్నాను.

రెండేళ్లు గడిచాయి. మొన్నీమధ్య రోలుగుంట నుంచి ఒక టెంట్ హౌస్ ఆయన వచ్చాడు. ఆయన కూడా ఇలాంటి బండే కొన్నాడు. నా ట్రాలీ చుట్టూ తిరిగి చూసి, ఎవరు చేశారని అడిగాడు. బావ పేరు చెప్పాను.

"ఆయనా? ఆయన ఎల్డింగు ఊడిపోయిందంట కదండీ?"

నేనన్న మాట నా వాకిట్లోకే వచ్చి నిలబడింది. ఆయనకి ఉన్నదంతా చెప్పేశాను, పటం సంగతి, తాడు సంగతి, చెరకు తోట గట్టు మీద నేనన్న మాట. ఆయన "అప్పుడే ఒక ముక్క సెప్తే పోయేది కదండీ" అన్నాడు. ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లాను.

బావ ఏదో ఇంటి గేటు చేస్తున్నాడు. ఆ కొత్త మనిషి ముందే చెప్పాను. "బావా, ఆరోజు తప్పు నాది. బండిని ముందుకెక్కించేను. నీ ఎల్డింగుకేటీ కాలేదు. తెలిసే అన్నాను ఆ మాట."

బావ ముఖం మీది అద్దం పైకెత్తాడు. కళ్ల కింద ముడతలు పడి ఉన్నాయి. నేను రెండేళ్లుగా ఆ ముఖాన్ని సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

"ఇప్పుడెలాగెక్కిస్తన్నావు?" అని అడిగాడు.

"రివర్సులోనే బావా."

"బెల్టులు?"

"నాలుగూ కడతన్నాను."

"మంచిది" అన్నాడు.

తర్వాత ఆ రోలుగుంట ఆయన వైపు తిరిగి, "నాను ట్రాలీలు మానేసేనండి. సెయ్యి తప్పిపోయింది. కొలతలు ఇస్తాను, ఇంకెవరి సేతైనా సేయించుకోండి" అన్నాడు. సుద్దముక్క తీసుకుని షెడ్డు నేల మీద ట్రాలీ బొమ్మ గీశాడు. ఇరుసు ఎక్కడుండాలో, రింగులు ఎక్కడుండాలో గుర్తులు పెట్టాడు. ఆ మనిషి తన ఫోనులో దాన్ని ఫోటో తీసుకున్నాడు. చేయి తప్పిపోయిందన్న మనిషి గీసిన ఆ గీతల్లో ఒక్కటి కూడా వంకర లేదు.