మగ్గాల హోరులో పాట

నా చిన్నప్పుడు అమెరికాలో, ఉత్తర కెరొలైనాలో మేమున్న ఊళ్లో పని అంటే బట్టల మిల్లే. ఎనభైల మొదట్లో మాట. నాన్న చదువు ఇంకా పూర్తికాలేదు. ఇల్లు గడిచేది అమ్మ మిల్లు పనితోనే. నేతగదిలో మరమగ్గాల మధ్య రోజంతా నిలబడి వచ్చేది.

స్కూల్ లైబ్రరీలో నాకొక పాత నవల దొరికింది. వందేళ్ల కిందటి మిల్లు పిల్ల కథ. సాయంత్రాలు అమ్మ వేణ్నీళ్ల టబ్బులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, నేను ఎదురుగా చేరి నాకొచ్చిన వంకర తెలుగులో ఆ కథ చెప్పేదాన్ని. అమ్మ నా మొహం మీంచి చూపు తిప్పేది కాదు. అంత బాగా చెబుతున్నానని తెగ మురిసిపోయేదాన్ని.

ఒకరోజు అసలు ఘట్టం వచ్చింది. మగ్గం దగ్గర ఆ పిల్ల పాడుతుంది. బయట గుర్రం దిగుతున్న యజమాని కొడుకు ఆ గొంతు విని మనసు పారేసుకుంటాడు, పెళ్లి చేసుకుని తీసుకెళ్లిపోతాడు. అమ్మ పకపకా నవ్వింది. లేచి టీవీ సౌండ్ పెంచింది, బ్లెండర్ తిప్పింది, వాక్యూమ్ క్లీనర్ కూడా ఆన్ చేసి, ఇప్పుడు నువ్వు పాడమని సైగ చేసింది. గొంతు చించుకుని పాడాను. నా పాట నాకే వినపడలేదు. అమ్మ మాత్రం నాతోపాటే పెదవులు కదుపుతూ చివరిదాకా వచ్చింది.

అన్నీ ఆపేశాక అడిగాను. "అంత నాయిస్‌లో నీకెలా వినిపించిందమ్మా?"

"వినలేదే, నీ నోరు చూశాను. మిల్లులో మేమంతా అలాగే మాట్లాడుకుంటాం." మళ్లీ తనే అంది: "ఇంట్లో కూడా ఇప్పుడు అంతే తల్లీ. నాన్నతో అనకు, మాన్పించేస్తారు. మానేస్తే ఏం తింటాం?"

వెనకనుంచి పిలిస్తే అమ్మ ఎందుకు పలకడం లేదో అప్పుడు తెలిసింది. భోరున ఏడ్చాను. అమ్మ నా కళ్లు తుడిచి పుస్తకం వైపు చూసింది. "ఆ పిల్ల వెళ్లిపోయాక ఆ మగ్గం దగ్గర ఎవర్ని నిలబెట్టారో రాశారా?" అనడిగింది. పేజీలన్నీ తిరగేశాను. ఎక్కడా రాయలేదు.

నాన్నకి ఉద్యోగం వచ్చేసరికి అమ్మ చెవులు పూర్తిగా పోయాయి. ఆ పుస్తకం మీద కోపం నాకు ఈ వయసులోనూ చల్లారలేదు. పెద్దయ్యాక నా గొంతు అచ్చం అమ్మ గొంతులా మారిందని చుట్టాలంతా అంటారు. ఆ గొంతుతోనే అమ్మ పోయేదాకా ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పాను. అదెలా ఉంటుందో ఆవిడకి మాత్రం ఎప్పటికీ తెలియలేదు.