ఎస్కేప్ మీద వేలు

మా చిన్నమ్మ కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎడమచేతి చిటికెనవేలు ఎప్పుడూ ఎస్కేప్ బటన్ మీదే ఉండేది. మార్కాపురంలో వాళ్లది పలకల దుకాణం. ఆ వెనక గదిలోనే, ఎవరికీ చెప్పకుండా, ఒక ప్రేమ ఆట తయారుచేసింది. పాతకాలం వీడియోగేముల్లోలాగా గళ్లుగళ్లుగా బొమ్మలు. గిద్దలూరు బస్టాండులో బెల్‌బాటం ప్యాంటు అబ్బాయి నిలబడి ఉంటాడు. అతనితో ఏం మాట్లాడాలో మనం ఎంచుకోవాలి. భయపడి "అన్నా" అన్నామా, "సరే చెల్లెమ్మా" అని దండం పెట్టి బస్సెక్కేస్తాడు. ఆట అయిపోతుంది.

నేను నవ్వితే నా నోరు మూసేది. "మెల్లగక్కా! నాయన ఇన్నాడంటే సంపుతాడు." చెప్పుల చప్పుడైతే చాలు, వేలు బటన్ నొక్కేది. తెర మీద అబ్బాయి పోయి చెన్నకేశవస్వామి వచ్చేవాడు. మా చిన్నాయన గడప దగ్గర చెప్పులు విడిచి, స్వామికి దండం పెట్టుకుని పోయేవాడు.

పెళ్లిచూపులు ఆమెను అడక్కుండానే పెట్టారు. "నన్ను ఏమన్నా అడగాల్సింది ఉందా?" అన్నాడు కనిగిరి నుంచి వచ్చిన అబ్బాయి. చిన్నాయన కళ్లు ఆమె మీదే ఉన్నాయి. చిటికెనవేలు మోకాలిని నొక్కుతోంది, మళ్లీ మళ్లీ. ఏ స్వామీ రాలేదు.

"ఏం లేదు అన్నా," అంది.

భయానికి నోరు జారిందని అందరూ అనుకున్నారు. నేను మాత్రం ఆమె చిటికెనవేలి వైపు చూశాను. అది నొక్కడం మానేసింది. అక్కడున్నవాళ్లలో ఆ ఆట ఆడినదాన్ని నేనొక్కదాన్నే.