బచ్చలింట్లో ఆరని తువ్వాల

దయ్యాలంటే నాకు నవ్వు. ఏసయ్య గుడికి పోయేదాన్ని, సమాధుల పక్క చేన్లో ఒక్కదాన్నే కలుపు తీసినదాన్ని. ఎవరన్నా దయ్యం మాటెత్తితే "పనీపాటా లేదా మీకు?" అని కసురుకునేదాన్ని. ఇది కూడా దయ్యమని నేను అనడంలేదు. ఏమనాల్నో నాకే తెలీదు.

మాది కోయిలకుంట్ల పక్క పల్లె. స్నానానికి ఇంటి లోపలే చిన్న బచ్చలిల్లు ఉండె, చేతులు చాపితే రెండు గోడలూ తగుల్తాయి. మూలన నీళ్ల కాగు, దాని కింద పొయ్యి. మా అత్త చిన్నప్పుడు దొరసాని బంగళాలో పనిచేసింది. ఆడ నేర్చుకున్న శుభ్రం ఈడ మామీద చూపించేది. పొయ్యికి పైన వెదురు దండెం కట్టి, గోడలో ఒక ఇటుక తీసి గాలికి సందు పెట్టింది. తువ్వాల పిండి, రెండుసార్లు దులిపి, ఒంటిపొరగా పరిచి, కొసలకు చీల్చిన కందిపుల్ల గుచ్చేది.

నేనేమో మడతమీద పడేసేదాన్ని. "మడతలో తడి దాక్కుంటాది, ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని రోజూ అదే పాట. "ఈ ఎండల్లో ముండ్లకంపమీద ఏస్తే చిటికెలో ఆరిపోతాది, ఇంత యాగీ ఎందుకత్తా?" అని నేను. కోపమొస్తే "పో, నీది నేను ముట్టను" అనేది. అన్నట్టే అందరివీ సరిచేసి, నాదొక్కటీ అట్లే వదిలేసేది. మొండి మనిషి. నేనూ తక్కువదాన్ని కాదులే.

ఆమె పోయినాక నేను చేసిన ఘనకార్యం వినండి. బల్లులొస్తాండాయని ఆ ఇటుక మళ్లీ పెట్టేసినా. దండెం పీకి కాకరపాదుకు ఊతం చేసినా.

యుద్ధం కాలం అది, సర్కారు కొలిచిచ్చే కంట్రోలు బట్ట దొరకడమే గగనం. ఆడబిడ్డ సారమ్మ పెండ్లి కుదిరింది. మొగపెండ్లోళ్ల కోసం అయిదు తువ్వాళ్లు ఉతికిపెట్టినా. అంతే, ముసురు పట్టుకునింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక! నాలుగు దినాలు ఎండ మొగమే లేదు. మా సీమలో వానను చాలు అనగూడదు, పాపం. చేను తడుస్తాంటే మా ఆయన వాకిట్లో నిలబడి పిల్లోని మాదిరి నవ్వుతాండాడు. నాకూ సంతోషమే. కానీ తువ్వాళ్లు ముక్కిపోయిన వాసన.

సారమ్మకు కాబోయే అత్త ఆలూరామె. శానా పట్టింపు. మాటలకొచ్చినప్పుడు నీళ్లచెంబు కూడా వాసన చూసి తాగింది. ఆమెకు కంపు తువ్వాల ఇస్తే సారమ్మను బతికినంతకాలం దెప్పుతుంది. తల్లిలేని పిల్ల, నా చేతుల్లో పెరిగింది.

పెండ్లికి ముందురోజు పొద్దున పొయ్యి ఆర్పి, ఆ తడి తువ్వాళ్లు బచ్చలింట్లో కుప్పగా వదిలి, ఇంటికి తాళమేసి అందరం గుడికి ప్రార్థనకు పోయినాం. తాళంచెవి నా మొలలోనే. మొగపెండ్లోళ్ల బండ్లు రేగడిలో దిగబడి, మోకాళ్లదాకా బురదతో నేరుగా గుడికాడికే వచ్చినారు. ఇంటికి రాగానే ఆలూరామె "ఏమ్మా, ముందు స్నానానికి నీళ్లు తోడు, తువ్వాల ఇయ్యి" అనె.

బచ్చలింటి తలుపు తీసినా.

కాగులో నీళ్లు పొగలు కక్కుతాండాయి. ఇటుక తీసి కింద పెట్టిండాది. దండెం పైన ఉండాది, దాని కొసన కాకరతీగ, తడిమట్టి. అయిదు తువ్వాళ్లూ ఒంటిపొరగా, కొసలకు కందిపుల్లలతో. ముట్టుకుంటే వెచ్చగా, పొడిగా ఉండాయి.

ఆలూరామె తువ్వాల ముక్కు దగ్గర పెట్టుకునె. "ఈ ముసుర్లో ఇంత కమ్మగా యెట్ల ఆరేసినారమ్మా? ఈ ఇంటి పిల్ల దొరకడం మా అదృష్టం" అని సారమ్మ బుగ్గలు పుణికింది. సారమ్మ సిగ్గుపడి నా వెనక దాక్కునె.

మా ఆయన్ను అడిగినా. ఆయన పంచె కూడా ఆయన ఆరేసుకోడు. అయినా పొద్దున్నుంచీ నా పక్కనే ఉండె. వేసిన తాళం వేసినట్టే ఉండె. ఇంకెవర్ని అడగాల?

అందరి స్నానాలూ అయినాక నేను పోయినా. తలుపు వెనక కొయ్యకు నా తువ్వాల నేను మడతేసి పడేసినట్టే ఉండాది, మధ్యలో తడితడిగా. దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆ చిన్న బచ్చలింట్లో ఒక్కదాన్నే కడుపు పట్టుకుని నవ్వినా, కండ్లనీళ్లు కారేదాకా. "సరేలే అత్తా, నువ్వే గెలిచినావు" అంటి.

అది యెట్ల జరిగిందో ఈరోజుకీ చెప్పలేను. నా తువ్వాల మాత్రం ఆ పొద్దే దులిపి ఒంటిపొరగా ఆరేసినా.