ఎర్రగుడ్డ క్యారేజీ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. మా ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే నాన్న అన్నం ముందునుంచి లేచిపోయేవారు. చర్చికి వెళ్ళేవాళ్ళం, ప్రార్థన చేసుకునేవాళ్ళం, చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారని నమ్మేవాళ్ళం. వాళ్ళు రైల్వే స్టేషన్లో నిలబడి మాట్లాడతారంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అయినా ఇది జరిగింది. జరిగింది నాకే.

డెబ్బైల్లో నేను బెజవాడ గవర్నరుపేటలో ఒక ఆఫీసులో గుమాస్తాని. మా ఊరు గుడివాడ లైన్లో ఉంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళనుంచి బెజవాడలో చదువుకునే పిల్లలకీ, ఉద్యోగస్తులకీ పొద్దుటి పాసింజర్లో అన్నం క్యారేజీలు వచ్చేవి. పాలవాళ్ళు తమ బిందెలతో పాటు వాటినీ ఎక్కించుకుని, బెజవాడ ప్లాట్‌ఫారం చివర గేటు పక్కన దించేసి వెళ్ళేవారు. అక్కడినుంచి దావీదు చూసుకునేవాడు.

దావీదుకి యాభై దాటి ఉంటాయి. ఎప్పుడూ ఖాకీ చొక్కా. కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. క్యారేజీలన్నీ కావడికి ఎత్తి స్టేషను బయటికి తెచ్చి, ఏది ఏ సిటీ బస్సు ఎక్కాలో, ఏది రిక్షాలో పోవాలో పంచేవాడు. రైలు దిగేవాళ్ళు, బస్సు కోసం పరిగెత్తేవాళ్ళు, రిక్షా బేరాలు, అదంతా ఒక సంత. చదువు రాదు కాబట్టి క్యారేజీ వాటం, మూత మీది గుర్తు చూసి ఎవరిదో చెప్పేవాడు.

ఆ ఏడు మా చెల్లి మేరీకి మూత్రపిండాల జబ్బు చేసి ఒళ్ళంతా నీరు పట్టింది. దానికప్పుడు పదిహేడేళ్ళు. బెజవాడ ఆసుపత్రిలో చేర్చాం. ఉప్పు రవ్వ కూడా తగలకూడదని, తగిలితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పారు. అమ్మ ఊళ్ళోనే ఉండి దానికి చప్పిడి అన్నం విడిగా వండి పంపేది. నాకు మామూలు అన్నం ఇంకో క్యారేజీలో. రెండూ ఒకే కొట్లో కొన్నవి, ఒకేలా ఉండేవి. రోజూ నేనే స్టేషనుకి వెళ్ళి రెండూ తీసుకుని, మేరీది ఆసుపత్రిలో ఇచ్చి ఆఫీసుకి పోయేవాణ్ణి.

మొదటి వారంలోనే దావీదు పొరపాటున వేరేవాళ్ళ క్యారేజీ నా చేతికిచ్చాడు. బస్సెక్కకముందే చూశాను కాబట్టి సరిపోయింది. అందరి ముందూ అతన్ని నానా మాటలూ అన్నాను. మర్నాటినుంచి మేరీదానికి తెల్లగుడ్డ, నాదానికి ఎర్రగుడ్డ కట్టమని అమ్మకి చెప్పాను. దావీదుతో మాత్రం, "గుడ్డ చూసి ఇవ్వు చాలు. నీ బుర్ర వాడకు" అన్నాను. తండ్రి వయసువాడు. అలాగేనండి అన్నాడు. ఆ తర్వాత కూడా చెల్లెమ్మగారికి ఎలా ఉందండీ అని రోజూ అడిగేవాడు. నేను నిలబడి జవాబు చెప్పిన రోజులు తక్కువ.

ఆ రోజు మంగళవారం. తొమ్మిదింటికి రైలొచ్చింది. గేటు పక్కన క్యారేజీలు నేలమీద ఉన్నాయి, వాటి వెనక దావీదు నిలబడి ఉన్నాడు. రోజూ నన్ను చూడగానే రెండూ ఎత్తి చేతికిచ్చే మనిషి, ఆ రోజు ముట్టుకోలేదు. ఆ సగం వేలితో చూపించాడు.

"ఇయ్యాల ఎర్రగుడ్డది చెల్లెమ్మగారిదండి. తెల్లగుడ్డది మీది. ఒక్కసారి మూత తీసి చూసుకోండి బాబూ."

మళ్ళీ మొదలుపెట్టాడ్రా అనుకున్నాను. గుడ్డ చూసి ఇవ్వడం వరకే నీ పని అని కసిరి, రెండూ నేనే తీసుకుని, కదులుతున్న బస్సెక్కాను. తెల్లగుడ్డది మేరీ మంచం పక్కన పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

ఒంటిగంటకి నా క్యారేజీ విప్పి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు.

చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి మేరీ గిన్నెలు నాకినంత శుభ్రంగా ఉన్నాయి. పప్పు, గోంగూర పచ్చడి, అన్నీ తినేసింది. నెల రోజులుగా ఉప్పు ఎరగని పిల్ల.

"డాక్టరుగారు ఒప్పుకున్నారేమో అనుకున్నాన్రా అన్నయ్యా. అడిగితే తీసేస్తారని భయమేసింది" అంది.

సాయంత్రానికి ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ పెట్టారు. మూడు రోజులు మాకు దాని మీద ఆశ లేదు. కబురందుకుని వచ్చిన అమ్మ గోడకి తల కొట్టుకుంది. పొద్దున్నే లాంతరు వెలుగులో గుడ్డలు తారుమారుగా కట్టేసిందట. పాల సుబ్బయ్య చేతికి అందించాక గుర్తొచ్చిందట. అప్పటికే రైలు కదులుతోంది. ఎర్రగుడ్డది పిల్లదని, మూత తీసి చూసుకోమని మా వాడికి చెప్పు సుబ్బయ్యా అని కేకేసిందట. దావీదు ఆ మాట నాకు చెప్పాడని, నేనే వినలేదని అమ్మకి చెప్పేశాను.

నాలుగో రోజుకి మేరీ తేరుకుంది. దావీదుని క్షమాపణ అడుగుదామని స్టేషనుకి వెళ్ళాను. సుబ్బయ్య కనిపించి, నేను నోరు విప్పకముందే నా చేతులు పట్టుకున్నాడు. ఆ రోజు పాలు విరిగేట్టున్నాయని క్యారేజీలు పడేసి పరిగెత్తాడట. అమ్మ చెప్పిన మాట సాయంత్రం దాకా గుర్తే రాలేదట. ఎవరికీ చెప్పలేదట.

"దావీదుకి చెప్పావుగా" అన్నాను.

"దావీదెక్కడున్నాడండీ? సోమవారం పొద్దుగూకేవేళే పోయాడు గదా. గుండెనొప్పి."

మంగళవారం క్యారేజీలు పంచే దిక్కులేక మధ్యాహ్నం దాకా గేటు పక్కనే ఉండిపోయాయని, చాలామంది పస్తులున్నారని చెప్పాడు.

నేను నమ్మలేదు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. దావీదు భార్య గడపలో కూర్చుని ఉంది. మంగళవారం తొమ్మిదింటికి సమాధుల తోటలో ఉన్నామని చెప్పింది. అతనికి అన్నదమ్ములున్నారా అని అడిగాను. లేరంది. నేనెవరో చెప్పాక ఆవిడే అడిగింది.

"ఆ అమ్మాయికి ఎలా ఉందండీ? రోజూ ప్రార్థనలో ఆ పిల్ల పేరు చెప్పేవాడండి."

బాగానే ఉందని చెప్పి వచ్చేశాను.

మేరీ ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంది. నేను మాత్రం ఆ పొద్దుటిని ఎన్ని రకాలుగానో తిప్పి చూశాను. ఎండలో, అంత జనంలో, రెండడుగుల దూరంలో అతన్ని చూశాను. సుబ్బయ్య నోరు దాటని మాట అతని నోట విన్నాను. అదెలాగో నాకు అంతుచిక్కలేదు, ఇక చిక్కదు కూడా. ఆ మాటే స్టేషను మాస్టరు చెప్పి ఉంటే అక్కడికక్కడే మూత తీసి చూసేవాణ్ణి. దావీదు చెప్పాడు కాబట్టి తియ్యలేదు.